ఆ గ్లౌజు ఏ పని చేసేది?

(ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం సందర్భంగా విజయవాడలో యువ ఛాయాచిత్రకారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ముందు వరసలో ఉన్న పెద్దలకూ, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లలకూ కూడా. కుర్చీలు ఇంకా వస్తున్నాయట. ఈలోగా మొదలుపెడతాను.

రోడ్డు మీద పడిపోయిన గ్లౌజులను ఫొటో తీయడం గురించి మాట్లాడమన్నారు. మీరు పంపిన ఫొటోలన్నీ ఒకటికి రెండుసార్లు చూశాను. ఏలూరు రోడ్డు డివైడరు పక్కన పూల గ్లౌజు, ఆటోనగర్‌లో గ్రీజు పట్టిన గ్లౌజు, స్టేడియం గోడ పక్కన క్రికెట్ గ్లౌజు. కంటికి ఆనని వస్తువు దగ్గర ఆగి, వంగి చూశారు. అందుకు ముందుగా మిమ్మల్ని అభినందించాలి. నాకు పేచీ ఉన్నది ఫొటోలతో కాదు, వాటి కింద మీరు పెట్టిన పేర్లతో. ‘ఒంటరితనం’, ‘విరహం’, ‘విడిపోయిన జంట’. ముప్పావు వంతు ఫొటోలకు ఇవే పేర్లు. గ్లౌజుకు విరహం ఉండదు. దానికి ఒక పని ఉండేది. ఆ పని ఏమిటో కనుక్కోకుండా మన దిగులు తీసుకెళ్లి దాని మీద వేస్తే, దాన్ని తొడుక్కున్న మనిషిని ఫొటోలోంచి తోసేసినట్టే. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఈ ఫొటోల అలవాటు చలిదేశాల నుంచి వచ్చింది. అక్కడ శీతాకాలంలో గ్లౌజు లేకుండా గడప దాటరు. చిల్లర తీయడానికో, తాళం తిప్పడానికో ఒకటి తీస్తారు, అది జారిపోతుంది. వెనక వచ్చేవాళ్లు దాన్ని దగ్గర్లోని కంచె ఊచకు తగిలించి పోతారు, పోగొట్టుకున్నవాళ్లు వెతుక్కుంటూ వస్తే కనబడుతుందని. జర్మన్ చిత్రకారుడు మాక్స్ క్లింగర్ 1881లోనే, స్కేటింగ్ చేసే చోట ఒక స్త్రీ జారవిడిచిన గ్లౌజు మీద పది చిత్రాల వరస ప్రచురించాడు. దాన్ని ఏరుకున్న మనిషి కలల్లో ఆ గ్లౌజు సముద్రం పాలవుతుంది, రెక్కల జంతువొకటి దాన్ని ఎత్తుకుపోతుంది. అక్కడ విరహం నప్పుతుంది. ఆ గ్లౌజు ఒక స్త్రీ అలంకారం.

మన దగ్గర సంగతి వేరు. ధనుర్మాసంలో తెల్లవారుజామున పాలూ పేపర్లూ వేసేవాళ్లను మినహాయిస్తే, చలి కోసం గ్లౌజు వేసుకునేవాళ్లు విజయవాడలో గానీ గుంటూరులో గానీ దాదాపు లేరు. కాబట్టి మన ఊళ్లో గ్లౌజు పడి ఉందంటే ఎండకో, నూనెకో, నిప్పుకో, మురికికో, రోగానికో ఎదురు నిలిచిన చెయ్యి అటుగా వెళ్లిందన్న మాట. అది ఏ చెయ్యో ఆ గ్లౌజే చెబుతుంది, ఓపికగా చూస్తే.

ఎండ సంగతి ముందు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. మార్చి దాటగానే బీసెంట్ రోడ్డులో, బస్టాండు బయట, తోపుడు బండ్ల మీద మోచేతి దాకా వచ్చే నూలు గ్లౌజులు వేలాడతాయి. స్కూటరు నడిపే ఆడపిల్లలు, ఉద్యోగినులు, సంచులు కట్టుకుని ఇంటింటికీ తిరిగి చీరలమ్మే అక్కలు, అందరూ కొంటారు. మీ ఫొటోల్లో ఎక్కువ భాగం ఇవే. ఎక్కడెక్కడ దొరికాయో చూడండి: పెట్రోలు బంకు, ఏటీఎం మెట్లు, టిఫిన్ బండి, పండ్ల దుకాణం. మరో సంగతి మీరు గమనించారో లేదో. అందులో ఎక్కువ కుడి చేతివే. మనం డబ్బు ఇచ్చేది కుడి చేత్తో, తినేది కుడి చేత్తో, గుడి ముందు ఆగి దణ్ణం పెట్టుకున్నాక ప్రసాదం పట్టేది కుడి చేత్తో. ఇప్పుడు వీటికి ఫోను తోడయింది. చర్మం విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కాబట్టే ఫోను తెర వేలిని గుర్తిస్తుంది. మధ్యలో నూలు గుడ్డ ఉంటే వేలు తగిలినట్టే దానికి తెలియదు. అందుకని కుడి గ్లౌజు లాగి స్కూటరు ముందున్న అరలో పడేస్తారు, డబ్బు పంపిస్తారు, సిగ్నల్ పడేలోగా బండి తీస్తారు. గ్లౌజు ఎక్కడో ఎగిరిపోతుంది.

బందరు కాలువ వంతెన దగ్గర నేను తీసిన ఒక ఫొటో చూపిస్తాను. తెర మీద చూడండి. నీలం నూలు గ్లౌజు, చిన్న చిన్న తెల్ల పూలు. బొటనవేలి కొస, చూపుడువేలి కొస కత్తిరించి ఉన్నాయి. కత్తెర వేసి వదిలేయలేదు. పోగులు లేవకుండా అంచు లోపలికి మడిచి సూదితో కుట్టారు. గుడ్డ నీలం, కుట్టిన దారం ఎరుపు. అంటే దారం కోసం దుకాణానికి వెళ్లలేదు, ఇంట్లో ఉన్న దారంతో పని కానిచ్చారు. అరచేతి వైపు, వేళ్ల మొదట్లో అడ్డంగా నల్లటి చార ఉంది. అది స్కూటరు పిడి రబ్బరు మరక. ఆ చార అంత చిక్కగా పడాలంటే రోజులో ఎన్నో గంటలు బండి మీద ఉండాలి. ఆమె ఎవరో నాకు తెలియదు. కానీ ఎండలో తిరిగే ఉద్యోగం, మాటిమాటికీ ఫోను చూసుకోవాల్సిన ఉద్యోగం, కొత్తది కొనకుండా ఉన్నదాన్ని పనికి తగ్గట్టు మార్చుకునే చెయ్యి, ఈ మూడూ ఫొటోలో ఉన్నాయి. ‘విరహం’ అని పేరు పెట్టిన మరుక్షణం చూసేవాడి కన్ను ఆ ఎర్ర దారం మీదికి వెళ్లడం మానేస్తుంది.

ఆటోనగర్‌కు వెళ్దాం. అక్కడ గ్లౌజు కనబడగానే పోయిందని నిర్ణయించకండి. లేత్ మిషను, డ్రిల్లింగ్ మిషను దగ్గర గ్లౌజు వేసుకోకూడదు. గిర్రున తిరిగే ఇరుసుకు ఒక్క పోగు చిక్కినా గుడ్డతో పాటు చేతిని కూడా లాగేస్తుంది. తెలిసిన మేస్త్రీ మిషను ముట్టుకునే ముందు గ్లౌజులు తీసి కిటికీ మీదో, బల్ల అంచునో పెడతాడు. అది అతని జాగ్రత్త. దాన్ని ‘మరచిన జ్ఞాపకం’ అని ఫొటో తీస్తే అబద్ధం. ఒక్క నిమిషం ఆగి, “అన్నా, ఈ గ్లౌజు ఎవరిది?” అని అడిగితే తేలిపోతుంది. అడిగితే విసుక్కుంటారని భయపడకండి. తన పని గురించి మర్యాదగా అడిగిన వాడిని కసురుకున్న మేస్త్రీని నేనింతవరకు చూడలేదు. టీ తెప్పించిన వాళ్లే ఎక్కువ.

వెల్డింగ్ గ్లౌజు వేరే జాతి. తోలుది, మణికట్టు దాటి ముంజేతి మీదికి వస్తుంది. ఎగిరిపడే నిప్పురవ్వలకూ, ఆ మిరుమిట్ల వెలుగులోని అతినీలలోహిత కిరణాలకూ అడ్డం. లారీ బాడీలు కట్టే ఒక షెడ్డు ముందు ఇనుప రజనులో అలాంటిది ఒకటి కనిపించింది. వెల్డింగ్ కడ్డీని బిగించే హోల్డరు పట్టుకున్న వంపులోనే తోలు బిగుసుకుపోయింది, చాపినా చాపుకోదు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ కుట్టు కాలి విడిపోతే, సన్నని రాగి తీగతో నాలుగు ముళ్లు వేసి కట్టారు. లోపల మెత్తటి గుడ్డ అరిగి, ఆ చోట తోలు నల్లగా మెరుస్తోంది. నిప్పు పని చేసే చెయ్యి ఎక్కడ ఎక్కువ కాలుతుందో ఆ రాగి ముళ్లు చూస్తే అర్థమవుతుంది.

ఫొటో తీసే పద్ధతి గురించి కొంత చెప్పాలి. మన ఊరు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ వేళ నీడ వస్తువు కిందే దాక్కుంటుంది. నేల మీద పరచుకున్న గ్లౌజు కాగితం అతికించినట్టు కనిపిస్తుంది. ముడతలు, కుట్లు, అరుగుదల ఏవీ తెలియవు. ఉదయం ఏడు లోపు గానీ సాయంత్రం అయిదు తర్వాత గానీ తీయండి. పక్కవాటు వెలుతురులో ఒక్కో పోగుకు ఒక్కో నీడ ఉంటుంది. తారు రోడ్డు నల్లగా ఉంటుంది కాబట్టి కెమెరా మొత్తం దృశ్యాన్ని వెలిగించాలని చూస్తుంది, తెల్ల గ్లౌజు సున్నం ముద్దయిపోతుంది. ఫోను తెర మీద కనిపించే గ్లౌజును తాకి, వెలుతురు తగ్గించి తీయండి.

తప్పనిసరిగా రెండు ఫొటోలు తీయండి. ఒకటి నిలబడి, చుట్టుపక్కలంతా వచ్చేలా: దుకాణం బోర్డు, కాలువ గట్టు, బండి చక్రం, ఏదైతే అది. రెండోది నేల మీద మోకాలు ఆనించి, కుట్లు లెక్కపెట్టగలిగేంత దగ్గరగా. చాలామంది రెండోదే ఉంచుకుంటారు, అందంగా ఉంటుందని. నా దృష్టిలో మొదటిదే ముఖ్యం. గ్లౌజును రోడ్డు నుంచి వేరు చేసి చూపిస్తే బొమ్మ మిగులుతుంది, సమాచారం పోతుంది. ఫోనులో లొకేషన్ ఆన్ చేసి పెట్టుకోండి. తేదీ, సమయం, చోటు ఫొటో ఫైలులోనే నమోదవుతాయి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలు చెరిగిపోతాయి, డాక్యుమెంటుగా పంపితే ఉంటాయి. మీలో సగం మంది నాకు వివరాలు చెరిగిన ఫొటోలే పంపారు. బెంజి సర్కిల్ లాంటి చోట నడిరోడ్డు మీద మాత్రం వంగకండి. అక్కడి గ్లౌజు అక్కడే పోనీయండి.

ఇక ముట్టుకోవచ్చా అన్న ప్రశ్న. అమెరికా ఛాయాచిత్రకారుడు ఇర్వింగ్ పెన్ 1975లో న్యూయార్క్ వీధుల్లో దొరికిన చెత్తను స్టూడియోకు తెచ్చి, పెద్ద పెద్ద ప్లాటినం ప్రింట్లు వేశాడు. వాటిలో మట్టి కొట్టుకుపోయిన గ్లౌజు ఒకటి ఉంది. తెల్లటి నేపథ్యం మీద, మట్టి రేణువు రేణువూ కనిపించేలా తీశాడు. గొప్ప ఫొటో, నాకెంతో ఇష్టం. అయినా మీరు ఆయన దారిలో వెళ్లవద్దనే చెబుతాను. ఎందుకంటే మట్టి గ్లౌజులను మనం వేరే విధంగా చూశాం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి మన ఊళ్లోని సింగ్‌నగర్ మునిగింది. అదే రోజుల్లో కృష్ణకు ఎన్నడూ లేనంత వరద వచ్చి, ప్రకాశం బ్యారేజి నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు వెళ్లాయి. నీళ్లు తీశాక వీధులన్నీ మోకాటి లోతు బురద, తడిసిన పరుపులు, ఉబ్బిన బియ్యం బస్తాలు. వేరే ఊళ్ల నుంచి కూడా పారిశుద్ధ్య కార్మికులు వచ్చి ఎత్తిపోశారు, అగ్నిమాపక యంత్రాలతో ఇళ్లు కడిగారు. ఆ వారం సింగ్‌నగర్ సందుల్లో బురదలో కూరుకున్న రబ్బరు గ్లౌజులు ఎన్నో. ఏ ఇంటి ముందు, ఎంత ఎత్తున నీటి చార ఉన్న గోడ పక్కన ఆ గ్లౌజు పడి ఉందో అదే దాని అర్థం. తెల్లటి గోడ ముందుకు తెచ్చి తీస్తే అది ఎక్కడి బురదైనా కావచ్చు.

అయితే పోగొట్టుకున్నవాళ్లకు దొరికేలా పక్కకు తీసి పెట్టడం వేరు. అది మంచి పనే. ముందు ఉన్నచోట ఫొటో తీసి, తర్వాత చెట్టు కొమ్మకో ప్రహరీ ఊచకో తగిలించండి. దొరికిన వస్తువును తీసుకున్నవాడు దాన్ని జాగ్రత్తగా చూడాల్సిన బాధ్యత కూడా తీసుకున్నట్టేనని మన 1872 నాటి కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి సేకరణ పేరుతో ఇంటికి తేకండి.

ఒకదాన్ని మాత్రం చేత్తో తాకనే వద్దు, చివరికి పక్కకు జరపడానికి కూడా. పల్చటి రబ్బరు గ్లౌజు, ఆస్పత్రుల వీధుల్లో మురుగు కాలువ పక్కన కనిపించేది. అది పోగొట్టుకున్నది కాదు, పారేసింది. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన గ్లౌజు ఎర్ర సంచిలోకి వెళ్లాలి. రోడ్డు మీదికి వచ్చిందంటే ఎవరో ఆ నిబంధన దాటారు. ఫొటో తీయండి, తేదీతో సహా మున్సిపాలిటీకి పంపండి. ఆ గ్లౌజు పుట్టుక మాత్రం చాలా మంచి కథ. 1889 ప్రాంతంలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో కరోలిన్ హాంప్టన్ అనే నర్సుకు, శస్త్రచికిత్స గదిలో క్రిములను చంపడానికి వాడే పాదరస లవణపు ద్రావణం పడక చేతులు పుండ్లు పడ్డాయి. విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్ గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీకి చెప్పి ఆమె కోసం పల్చటి గ్లౌజులు చేయించాడు. తర్వాత ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. రోగికి క్రిములు సోకకుండా కూడా అవి పనికొస్తాయన్న సంగతి తర్వాత స్థిరపడింది. మొదట అవి పుట్టింది మాత్రం పనిచేసే ఒక స్త్రీ చర్మం కాపాడటానికి. నాకు ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు.

అదే కాపుదల మన వీధులు ఊడ్చే వాళ్లకు ఎంత అందుతోంది? 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో చెత్త ఎత్తే ప్రతి కార్మికుడికీ గ్లౌజులు, మాస్కు, తగిన చెప్పులు ఇవ్వాలని రాశారు. కాలువ గట్ల మీద మీరు తీసిన నారింజ రంగు గ్లౌజుల్ని పెద్దవి చేసి చూడండి. వేళ్ల కొసలు చిరిగి ఉంటాయి, గాజు పెంకులకు, సూదులకు. ఒకే గ్లౌజును చిరిగాక కూడా ఎన్నాళ్లు వాడారో ఆ చిరుగుల అంచుల్లోని నలుపు చెబుతుంది. అలాంటి ఫొటో ప్రదర్శనలో పెట్టడంతో ఆగకూడదు. కొత్త గ్లౌజులు ఎప్పుడిచ్చారని అడగడానికి అది ఆధారం.

ఇంతవరకు దొరికిన గ్లౌజుల గురించి చెప్పాను. దొరకని చోటు ఒకటుంది, అదే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. గుంటూరు మిర్చి యార్డు. ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్ అని గర్వంగా చెప్పుకుంటాం. తేజ, 334, 341, భౌగోళిక గుర్తింపు పొందిన మన సన్నం, ఏ రకమైనా అక్కడికి రావాల్సిందే. సీజనులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కొండల్లా పేర్చి ఉంటాయి, గేటు దాటగానే దగ్గు వస్తుంది. యార్డు చుట్టుపక్కల షెడ్లలో, శీతల గిడ్డంగుల దగ్గర ఆడవాళ్లు గుంపులుగా కూర్చుని తొడిమలు తీస్తారు, తాలు కాయలు ఏరతారు. గ్లౌజుల ఫొటోల కోసమే వెళ్లాను. నేలంతా వెతికాను, ఒక్కటీ లేదు. ఎందుకంటే వాళ్లలో దాదాపు అందరివీ ఒట్టి చేతులు.

“అమ్మా, గ్లౌజులు వేసుకోరా?” అని ఒకావిడను అడిగాను. ఆమె చేయి ఆపలేదు. “వేసుకుంటే తొడిమ వేలికి తెలియదమ్మా. కిలో లెక్కన ఇస్తారు. చేయి నెమ్మదిస్తే కూలి ఏం వస్తుంది?” అంది. పక్కనున్నావిడ అరచేతులు చాపి చూపించింది. గోళ్ల చుట్టూ చర్మం ఎర్రగా కంది, వేళ్ల కణుపుల దగ్గర పొట్టు లేచి ఉంది. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే ఎంత కడిగినా పోదు. పని అయ్యాక ముందు కొబ్బరినూనె పట్టించి తుడిచి, ఆ తర్వాతే సబ్బుతో కడుక్కుంటామని చెప్పారు. అయినా రాత్రి పడుకోబోతే చేతులు మండుతాయట. చంటిపిల్ల ఉన్న ఒకమ్మాయి, ఇంటికెళ్లాక బిడ్డ ముఖం ముట్టుకోవడానికి భయమేస్తుందని చెప్పింది.

చేతికి అతుక్కున్నట్టుండి, వేలికి తొడిమ తెలిసేలా, ఆ ఉక్కలో చెమట పట్టకుండా ఉండే గ్లౌజు వాళ్లకు కావాలి. అలాంటిది వాళ్ల కూలికి అందే ధరలో వాళ్ల చేతికి రావాలి. దానికి మనం చేయగలిగిన సాయం, వాళ్ల చేతుల్ని చూపించడం. అనుమతి అడిగి, ముఖాలు రాకుండా, చేతులు మాత్రమే, అదే పక్కవాటు వెలుతురులో, అంతే దగ్గరగా. మీరు తీసిన గ్లౌజుల పక్కన ఆ చేతుల ఫొటోలు కూడా పెడితే తప్ప ఈ ప్రదర్శన పూర్తి కాదని నా గట్టి అభిప్రాయం.

వచ్చే ఫిబ్రవరిలో, కొత్త కాయ బాగా దిగాక, అందరం కలిసి గుంటూరు వెళ్దాం. ఆదివారం కాదు, పనిదినం చూసుకుని, తెల్లవారుజామునే బయలుదేరదాం. ముక్కుకు తడి రుమాలు కట్టుకోండి. కాయ ముట్టుకున్న చేత్తో కన్ను తుడుచుకోవద్దు, కెమెరా లెన్సు కూడా తుడవద్దు. ప్రింట్లు వేయించిన వెంటనే మొదటి కాపీలు ఆ ఆడవాళ్లకే ఇచ్చి రావాలి, దానికి డబ్బు ఇప్పటి నుంచే పక్కన పెట్టండి. రాదలచుకున్నవాళ్లు ద్వారం దగ్గర బల్ల మీద ఉన్న కాగితంలో పేర్లు రాయండి. కొబ్బరినూనె సీసాలు నేను తెస్తాను.